తెరచాప పడవకి నావిగేషన్ సిస్టమ్ ఎంచుకోవడం ఎలా: స్క్రీన్ ఆఖరున కొనండి

“అన్నా, తొమ్మిది అంగుళాలదా, పన్నెండు అంగుళాలదా?”

శాన్ ఫ్రాన్సిస్కో బే చుట్టుపక్కల కొత్తగా పాత పడవ కొన్న మనవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేది మాత్రం వేరు: మీ పడవ నీట్లోకి ఎన్ని అడుగులు దిగుతుంది? బ్యాటరీ ఎన్ని యాంప్-అవర్లు? ఈ రెండింటికీ జవాబు లేకుండా స్క్రీన్ సైజు మాట్లాడటమంటే కళ్లెం కొనుక్కుని గుర్రం కోసం వెతకడమే.

నాది 27 అడుగుల పాత క్యాటలీనా. కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) నీట్లోకి 4 అడుగులు దిగుతుంది. కింది లెక్కలన్నీ ఆ కొలతతో చెప్పినవే. 25 నుంచి 35 అడుగుల పడవ ఏదైనా ఇదే వరసలో వెళ్లొచ్చు.

## 1. కొనకముందు ఒక శనివారం పడవలో గడపండి

కొలిచే టేపు, టార్చ్, మల్టీమీటర్, నోటు పుస్తకం పట్టుకెళ్లండి. ఫోన్లో షాపు పేజీలు తెరవొద్దు. ఇవి రాసుకోండి:

- ☐ కీల్ అడుగు నీటి మట్టానికి ఎంత లోతున ఉంది
- ☐ మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తు, నీటి మట్టం నుంచి (వంతెనల కింద వెళ్లాలిగా)
- ☐ హల్ (పడవ పొట్ట) నీటి కింద గట్టి ఫైబర్‌గ్లాసా, మధ్యలో చెక్కో ఫోమో ఉన్న శాండ్‌విచ్ రకమా
- ☐ బ్యాటరీలు ఎన్ని. ఇంజను స్టార్టుకి వేరే బ్యాటరీ ఉందా
- ☐ ఛార్జింగ్ దేనితో: ఇంజను, సోలార్, రేవులో కరెంటు
- ☐ పాత పరికరాల్లో ఏవి పనిచేస్తున్నాయి, వాటి వెనక ఏ కనెక్టర్ ఉంది
- ☐ చుక్కాని పట్టుకుని కూర్చుంటే మీ కళ్లు సహజంగా ఎటు పడుతున్నాయి

ఈ ఆఖరిదాన్ని ఎవరూ రాసుకోరు. టిల్లర్ (చుక్కాని కర్ర) ఉన్న పడవలో మనం పక్కకి కూర్చుంటాం. చక్రం ఉన్న పడవలో అయితే ఎదురుగా నిలబడతాం. స్క్రీన్ ఎక్కడ బిగించాలో దీన్నిబట్టే తేలుతుంది.

## 2. ఎంత దూరం వెళ్తారో నిజం చెప్పుకోండి

హవాయి వెళ్దామని అందరికీ ఉంటుంది. గత ఏడాది నిజంగా ఎక్కడికి వెళ్లారో అది చూడండి.

బే లోపల, పగటి పూట: లోతు మీటరు, బిగించిన వీహెచ్ఎఫ్ రేడియో, ఫోన్లోనో ట్యాబ్లెట్‌లోనో చార్టు (సముద్ర పటం) యాప్. ఇంతే. ఏడాది పాటు దీంతో తిరిగి, ఏది లోటనిపించిందో రాసుకుని అప్పుడు కొనేవాళ్లకి డబ్బు వృథా కాదు.

గోల్డెన్ గేట్ దాటి హాఫ్ మూన్ బే, డ్రేక్స్ బే దాకా: పైవాటికి తోడు 7 అంగుళాల ప్లాటర్ (చార్టు మీద మన పడవని చూపే స్క్రీన్), సందేశం పంపే ఏఐఎస్ (పడవలు తమ స్థానం, వేగం రేడియోలో ఒకదానికొకటి చెప్పుకునే పరికరం), ఆటోపైలట్.

రాత్రి ప్రయాణాలు, తీరం వెంబడి రోజుల తరబడి: అప్పుడు రాడార్, ఇంకో బ్యాటరీ, ఛార్జింగుకి గట్టి ఏర్పాటు.

## 3. కరెంటు లెక్క కాగితం మీద వేయండి

ఏ పరికరం ఎన్ని యాంపులు లాగుతుందో తయారీదారు ఇచ్చే కాగితంలో ఉంటుంది. దాన్ని గంటలతో గుణించండి. 12 వోల్టుల పడవలో 8 గంటల రోజుకి నా లెక్క ఇది:

- 7 అంగుళాల ప్లాటర్: 1 యాంపు × 8 = 8
- లోతు, గాలి, వేగం మీటర్లు: 0.3 × 8 = 2.4
- వీహెచ్ఎఫ్, ఎక్కువసేపు వినడమే: 0.5 × 8 = 4
- ఏఐఎస్: 0.25 × 8 = 2
- టిల్లర్ ఆటోపైలట్: సగటున 1.5 × 4 = 6
- ఎల్‌ఈడీ దీపాలు: దాదాపు 1

మొత్తం 23 యాంప్-అవర్ల పైచిలుకు. 100 యాంప్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం వరకే వాడుకోవాలి, అంటే చేతిలో ఉన్నవి 50. సరిపోయింది. దీనికి 2 యాంపుల రాడార్ కలిపితే ఇంకో 16 పెరిగి 39 దాటుతుంది. అప్పుడు ఫ్రిజ్, ఫోన్ ఛార్జింగ్ లాంటి ఏ చిన్న సరదా చేసినా చిక్కే.

స్టార్టు బ్యాటరీ వేరుగా లేకపోతే ముందు అది పెట్టించండి. లేదంటే ఇంజను తిప్పిన ప్రతిసారీ వోల్టేజి పడి ప్లాటర్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. రేవులోకి మలుపు తిరిగే క్షణంలో మీ ముందు చార్టు ఉండదు, కంపెనీ లోగో ఉంటుంది.

## 4. మొదటి కొనుగోలు: లోతు మీటరు

పోటుకీ పాటుకీ మధ్య నీరు బాగా మారే చోట జీపీఎస్ కన్నా ఇదే ముందు. బర్క్‌లీ ఎదుట, పాటు వేళ చాలా మేర పది అడుగుల నీరు కూడా ఉండదు. మనమెక్కడున్నామో జీపీఎస్ చెబుతుంది. కింద నీరుందా లేదా అన్నది ట్రాన్స్‌డ్యూసర్ (కిందికి శబ్దతరంగం పంపి లోతు కొలిచే సెన్సర్) చెప్పాల్సిందే.

మూడు రకాలు:

- హల్‌కి లోపల అతికించేది. రంధ్రం అక్కర్లేదు, పడవ నీట్లో ఉండగానే పని అయిపోతుంది. గట్టి ఫైబర్‌గ్లాస్‌కి మాత్రమే. శాండ్‌విచ్ హల్ గుండా శబ్దతరంగం సరిగా పోదు.
- హల్‌కి రంధ్రం చేసి పెట్టేది. రీడింగ్ శుభ్రంగా వస్తుంది. పడవని ఒడ్డుకి ఎత్తించాలి కాబట్టి అడుగు పెయింట్ వేయించేటప్పుడే కలిపి చేయించుకోండి.
- వెనక చెక్కకి బిగించేది. మోటారు బోట్లకి బాగు. తెరచాప పడవ పక్కకి ఒరిగితే నీట్లోంచి పైకి లేచిపోతుంది. వద్దు.

లోపల అతికించే రకం కొంటే ఎపాక్సీ తియ్యకముందు ఒక పరీక్ష చేయండి. పల్చటి ప్లాస్టిక్ సంచిలో కాస్త నీళ్లు పోసి హల్ మీద పరచి, దాని మీద ట్రాన్స్‌డ్యూసర్ నొక్కి పట్టుకోండి. స్థిరంగా అంకె వచ్చిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. అతికించేటప్పుడు అడుగున ఒక్క గాలి బుడగ ఉన్నా అంకె ఎగురుతుంది. అందుకే ట్రాన్స్‌డ్యూసర్‌ని పైనుంచి తిన్నగా దించకుండా, తిప్పుతూ నొక్కాలి.

ఇక అందరూ తప్పే చోటు: ఆఫ్‌సెట్, అంటే మీటరు అంకెకి చేయాల్సిన సర్దుబాటు. నా ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి 1 అడుగు కింద ఉంది, కీల్ అడుగు 4 అడుగుల్లో ఉంది. ‘కీల్ కింద ఎంత’ అని చూపించాలంటే ఆఫ్‌సెట్ మైనస్ 3. రేవులోనే తాడుకి సీసం గుండు కట్టి దించి సరిచూసుకోండి. తాడు 9 అడుగులంటే మీటరు 5 అనాలి.

కొందరు నీటి మట్టం నుంచి లోతు చూపించేలా పెట్టుకుంటారు, చార్టుతో పోల్చడానికి సులువని. ఏదైనా పర్వాలేదు, ఒకటే పెట్టుకోండి. ఏది పెట్టారో టేపు ముక్క మీద రాసి మీటరు పక్కనే అంటించండి. పడవ అరువు తీసుకున్న స్నేహితుడికి అది మీ బుర్రలో ఉండి లాభం లేదు.

## 5. రేడియో, ఏఐఎస్

బిగించిన వీహెచ్ఎఫ్ 25 వాట్లది, యాంటెనా మాస్ట్ తలమీద. చేతి రేడియో 5, 6 వాట్లది, యాంటెనా మన తల ఎత్తులో. వీహెచ్ఎఫ్ కనుచూపు మేరే పోతుంది కాబట్టి వాట్ల కన్నా ఎత్తే ముఖ్యం. చేతి రేడియో అదనంగా ఉంచుకోండి, బదులుగా కాదు.

రేడియోలోనే జీపీఎస్, ఏఐఎస్ రిసీవర్ కలిపి ఉన్న సెట్లు స్టాండర్డ్ హొరైజన్, ఐకామ్ వంటి కంపెనీలు అమ్ముతున్నాయి. తక్కువ బడ్జెట్‌కి ఇంతకన్నా మంచి బేరం లేదు. ఎర్ర డిస్ట్రెస్ బటన్ నొక్కితే మీ స్థానం దానంతటదే పోతుంది. కానీ అందులో మీ పడవని గుర్తించే 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబరు ఎక్కించి ఉండాలి. అమెరికా నీళ్లు దాటని పడవకి బోట్‌యూఎస్ (పడవ యజమానుల సంఘం) ద్వారా నంబరు తెచ్చుకోవచ్చు. మెక్సికో, కెనడా వెళ్లే ఆలోచన ఉంటే మొదటే ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ రేడియో నియంత్రణ సంస్థ) లైసెన్సుతో వచ్చే నంబరు తీసుకోండి. చాలా రేడియోల్లో నంబరు ఒకటి రెండు సార్లకి మించి మార్చనివ్వదు. ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్‌లో అయితే అమెరికాలో కొన్నవాళ్లు నంబరు స్వయంగా ఎక్కించకూడదు, అమ్మినవాళ్లతోనే ఎక్కించి తీసుకోవాలి.

వినే ఏఐఎస్ చాలా, పంపేది కూడా కావాలా? ఓక్లండ్ రేవుకి వచ్చే కంటైనర్ ఓడ మీకు కనిపించడం ఒక ఎత్తు, మీరు దానికి కనిపించడం ఇంకో ఎత్తు. 15 నాట్ల (గంటకి 15 నాటికల్ మైళ్ల) ఓడ 30 సెకన్లలో 230 మీటర్లు వచ్చేస్తుంది. నాదైతే పంపేదే.

చిన్న పడవలకి వాడే క్లాస్ బి ఏఐఎస్‌లో రెండు రకాలున్నాయి: 2 వాట్లది, 5 వాట్లది. 5 వాట్లది ఎక్కువసార్లు పంపుతుందని చెప్పి అమ్ముతారు. మన 5, 6 నాట్ల వేగానికి రెండూ 30 సెకన్లకి ఒకసారే పంపుతాయి. తేడా ఏమిటంటే 5 వాట్లది తన వంతు ముందే రిజర్వు చేసుకుంటుంది. రద్దీ నీళ్లలో 2 వాట్లది ఖాళీ దొరికేదాకా ఆగాలి. గేటు దాటి వెళ్లేవాళ్లు ఆ తేడాకి డబ్బు పెట్టొచ్చు.

ఏఐఎస్ తెర ఖాళీగా ఉంటే నీళ్లూ ఖాళీ అనుకోకండి. చిన్న చేపల బోట్లు, కయాక్‌లు, గాలిపటం కట్టుకుని ఎగిరే కుర్రాళ్లు అందులో ఉండరు.

## 6. గాలి, వేగం, ఆటోపైలట్

మాస్ట్ మీద గాలి మీటరు మనం కదులుతుండగా తగిలే గాలిని కొలుస్తుంది. అసలు గాలి ఎంతో లెక్కకట్టాలంటే నీటి మీద మన వేగం కూడా తెలియాలి. ఆ వేగం చెప్పేది పడవ కింద తిరిగే చిన్న పళ్ల చక్రం. దానికి నాచు పడితే అన్ని లెక్కలూ తప్పుతాయి. రేసులకి వెళ్లకపోతే మాస్ట్ కొన చిన్న బాణం చాలు. రేసులకి వెళ్తే బీ అండ్ జీ సెట్లు చూడండి. గాలికి ఎటు పక్కగా వెళ్తే రేసు గుర్తుని చేరుకుంటామో చూపించే గీతలు వాటిలో బాగుంటాయి.

ఆటోపైలట్ కొనేటప్పుడు బ్రోషర్‌లో ఉన్న పడవ బరువు చూసి, మీ సామాన్లు, నీళ్లు, మనుషులతో కలిపి ఇంకో అయిదో వంతు వేసుకోండి. అంచున ఉన్నది కొంటే వెనక అలల్లో చేతులెత్తేస్తుంది.

## 7. రాడార్ వస్తుందంటే బ్రాండ్ ఇప్పుడే తేలిపోయింది

ఎన్‌ఎమ్‌ఈఏ 2000 (పడవ పరికరాల్ని కలిపే ఉమ్మడి డేటా ప్రమాణం) తీగ మీద లోతు, గాలి, ఏఐఎస్ ఏ కంపెనీవైనా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. రాడార్ అలా కాదు. గార్మిన్ రాడార్‌కి గార్మిన్ ప్లాటర్, రేమరీన్‌కి రేమరీన్ కావాల్సిందే. మూడేళ్లలో రాడార్ పెట్టే ఉద్దేశం ఉంటే, ముందు రాడార్ నచ్చిన కంపెనీ ఏదో చూసి, ఈరోజు ప్లాటర్ దాన్నే కొనండి.

జులై, ఆగస్టుల్లో గేటు గుండా పొగమంచు పొర్లుకుంటూ వస్తుంది. బయట తిరిగేవాళ్లకి రాడార్ విలువ అప్పుడు తెలుస్తుంది. బే లోపలే తిరిగేవాళ్లకి నా సలహా: మంచు ఉన్నరోజు ఇంట్లో పెసరట్టు వేసుకోండి.

## 8. ఇప్పుడు స్క్రీన్

- ☐ మధ్యాహ్నం ఎండలో చదవగలిగే వెలుగు, 1000 నిట్స్ పైన
- ☐ టచ్‌తో పాటు బటన్లో, తిప్పే నాబో. తడి చేతితో, ఉప్పునీటి చుక్కల మధ్య టచ్ మీ మాట వినదు
- ☐ మీ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నిలువుగా అడ్డంగా తిప్పి చూడండి. పోలరాయిడ్ అద్దాలతో కొన్ని తెరలు ఒక దిక్కున పూర్తిగా నల్లబడతాయి
- ☐ రాత్రికి మసక చేయగలగడం
- ☐ ఎన్‌ఎమ్‌ఈఏ 2000 పోర్టు
- ☐ మీరు తిరిగే ప్రాంతానికి చార్టు కార్డు ఇప్పటికీ అమ్ముతున్నారా? పాత ప్లాటర్ చవగ్గా కొనేవాళ్లు ఇది మరిచిపోతారు

27 అడుగుల పడవకి 7 అంగుళాలు చాలు, 35 అడుగులకి 9. అంతకు మించిన డబ్బు వైరింగుకి పెట్టండి.

ట్యాబ్లెట్‌తో సరిపెట్టుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మా మిత్రుడొకడు కొత్త ఐప్యాడ్, వాటర్‌ప్రూఫ్ పెట్టె, స్టాండ్ అన్నీ తెచ్చి బిగించాడు. రేవులో బ్రహ్మాండంగా పనిచేసింది. అర మైలు వెళ్లగానే పడవ గుర్తు నీళ్లలో నిలబడిపోయింది. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, రేవులో అది వైఫైని బట్టి ఊహిస్తోంది. సిమ్ పట్టే మోడల్ కొనాలి (సిమ్ వేయకపోయినా ఫర్వాలేదు), లేదా విడిగా బ్లూటూత్ జీపీఎస్ పెట్టుకోవాలి. ఎండలో వేడెక్కి ఆగిపోవడం మాత్రం ఏ ఐప్యాడ్‌కైనా ఉంది.

## 9. చార్టు చదవడం నేర్చుకోకుండా బయల్దేరొద్దు

అమెరికా నీళ్లకి నోవా (ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) ఎలక్ట్రానిక్ చార్టులు ఉచితం, వారం వారం కొత్త దిద్దుబాట్లు వస్తాయి. ఓపెన్‌సీపీఎన్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో పెట్టి ఇంట్లో కంప్యూటర్ మీద దారి గీసుకోవచ్చు. పాత కాగితపు చార్టుల తయారీ నోవా ఆపేసింది. కాగితం కావాలంటే నోవా కస్టమ్ చార్ట్ ద్వారా మీకు కావలసిన ముక్కని పీడీఎఫ్‌గా చేసుకుని అచ్చు వేయించుకోవచ్చు.

అసలు ప్రమాదం జూమ్‌లో ఉంది. నాలుగేళ్ల కింద ఒక అక్టోబరు సాయంత్రం ఏంజెల్ ఐలండ్ నుంచి వస్తున్నాం. బే మొత్తం ఒక్క తెరలో కనిపించేలా పెట్టుకున్నాను, చూడ్డానికి బాగుంటుందని. ముందు కూర్చున్న మా ఆవిడ వెనక్కి తిరిగి, “ఏవండీ, నీళ్లలో ఆ గుంజలేంటి?” అంది. నా తెర మీద అక్కడ తెల్లటి నీరే ఉంది. రెండుసార్లు జూమ్ నొక్కాక అడ్డంగా ఒక గీత తేలింది: పాత బర్క్‌లీ పియర్. 1920ల్లో బే లోకి మూడు మైళ్లకి పైగా కట్టిన ఆ వంతెన చివరి భాగం శిథిలమై కొయ్యలుగా మిగిలింది. చుక్కాని ఒక్కసారిగా తిప్పేసరికి లోపల గిన్నెలన్నీ కింద పడ్డాయి.

ఇది నాలాంటివాళ్లకే జరుగుతుందనుకోకండి. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్‌లో టీమ్ వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కి ఈశాన్యంగా హిందూ మహాసముద్రంలో కార్గాడోస్ కరజోస్ దిబ్బల మీదకి ఎక్కేసింది. అందరూ ఆరితేరినవాళ్లే. వాళ్లు చూసిన జూమ్ స్థాయిలో చార్టు ఆ దిబ్బని దిబ్బలా చూపలేదు.

అందుకే బయల్దేరేముందు:

- ☐ దారి మొత్తాన్నీ దగ్గరి జూమ్‌లో, వేలితో మొదటి నుంచి చివరి దాకా జరుపుతూ చూడండి
- ☐ లోతు యూనిట్ ఏమిటి: అడుగులా, మీటర్లా, ఫాథమ్‌లా? మీటరులోనూ ప్లాటర్‌లోనూ ఒకటే ఉండాలి
- ☐ ‘సురక్షిత లోతు’ సెట్టింగ్ మీ కీల్‌కి తగ్గట్టు మార్చండి. నాది 8 అడుగులు
- ☐ ఫోన్లో అదే ప్రాంతం చార్టు నెట్ లేకుండా తెరుచుకునేలా దింపుకోండి

విశాఖలోనో గోవాలోనో నేర్చుకుని ఇక్కడికి వచ్చినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రేవులోకి వచ్చేటప్పుడు ఇండియాలో ఎర్ర బోయ మీ ఎడమ చేతివైపు ఉంటుంది, అమెరికాలో కుడి చేతివైపు. చార్టు రంగులు కూడా అదే ప్రకారం.

## 10. వైరింగ్: వరస తప్పొద్దు

1. ముందు ఫ్యూజ్ ప్యానెల్. ప్రతి పరికరానికి విడి ఫ్యూజ్.
2. వోల్టేజి తరుగు 3 శాతం లోపు ఉండేలా వైరు మందం. 12 వోల్టుల్లో అంటే 0.36 వోల్టు. టిన్ పూత ఉన్న రాగి తీగే వాడండి, ఉప్పుగాలికి మామూలుది నల్లబడి పొడి అవుతుంది.
3. ఎన్‌ఎమ్‌ఈఏ 2000 వెన్నెముక తీగ. రెండు కొసల్లో రెండు టెర్మినేటర్లు (కొసన తగిలించే రెసిస్టర్లు), అంతకు ఎక్కువా తక్కువా కాదు. పక్కకి దిగే ఒక్కో తీగ 6 మీటర్లు మించకూడదు.
4. పవర్ ఆపి మల్టీమీటర్‌తో రెండు డేటా తీగల మధ్య కొలవండి. 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్ లేదు. 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు.
5. తర్వాతే పరికరాలు, ఒక్కొక్కటిగా. ఒకటి తగిలించి, తెర మీద కనిపించాక రెండోది.
6. దిక్సూచి సెన్సర్‌ని స్పీకర్లు, ఇంజను, ఇనుప సామాను నుంచి దూరంగా పెట్టండి. టూల్ బాక్స్ ఎక్కడ పెడతారో అదీ చూడండి. మా పడవలో ఆటోపైలట్ నెలరోజులు వంకర నడిచింది, కారణం పక్క అరలో పెట్టిన ఇనుప మూకుడు.

ప్రతి తీగకి రెండు కొసల్లోనూ పేరు రాసి అంటించండి. రెండేళ్ల తర్వాత తలకిందులుగా వేలాడుతూ వెతికేది మీరే.

## 11. నీట్లో సరిచూడటం

గాలి తక్కువగా ఉన్న ఉదయం, నీరు నిలకడగా ఉన్న వేళ చూసుకుని వెళ్లండి.

- దిక్సూచి: మెనూ చెప్పినంత నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. తొందరపడితే ఒప్పుకోదు.
- వేగం: ఇంజను ఒకే వేగంలో పెట్టి ఒకే గీత మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి. నాకు జీపీఎస్ 6.0, 4.0 చూపించింది, సగటు 5.0. చక్రం రెండుసార్లూ 4.5 అంది. 5.0ని 4.5తో భాగిస్తే 1.11, అదే సెట్టింగ్‌లో పెట్టాల్సిన అంకె. ఆ ఒక నాటు అటూ ఇటూ ప్రవాహం. గోల్డెన్ గేట్ దగ్గర పాటు వేళ అది 4 నాట్లు కూడా దాటుతుంది.
- ఏఐఎస్ అలారం: రేవులో కట్టేసిన బోట్లన్నిటికీ మోగుతుంటే విసుగొచ్చి ఆపేస్తారు. కదలని బోట్లని వదిలేసే ఫిల్టర్ పెట్టి, దూరం కాస్త తగ్గించండి.
- మనిషి పడిపోతే నొక్కే బటన్: నీళ్లలోకి పాత లైఫ్ జాకెట్ ఒకటి విసిరి, పడవలో ఉన్న ప్రతివాళ్లతోనూ నొక్కించండి. మీరే పడిపోవచ్చు కదా.

ఇవన్నీ అయ్యాక తిరుగు ప్రయాణంలో మెయిన్ స్విచ్ ఆపేయండి. చేతి దిక్సూచి, అచ్చు వేయించిన చార్టు, సీసం గుండు కట్టిన తాడు, చేతి రేడియో, వీటితో రేవు చేరండి. దారిలో తడుముకున్న చోటల్లా నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాత కొనాల్సినవి ఆ పేజీలోంచే వస్తాయి.